గుమ్మం దాకా మంత్రిగారు

“ఇకమీదట ప్రజలు ప్రభుత్వం దగ్గరికి రానక్కర్లేదు. ప్రభుత్వమే చేతిలో పార్సెల్ పట్టుకుని ప్రజల గుమ్మం ముందు నిలబడుతుంది. అలా నిలబడే మొట్టమొదటి మనిషిని స్వయంగా నేనే” అని ఇంటింటి సేవల శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత పత్రికల్లో వచ్చిన ఫోటో కూడా గుర్తుండే ఉంటుంది. ఒంటి మీద కొరియర్ చొక్కా, ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో పెట్టెతో మంత్రిగారు ఒక తలుపు ముందు నవ్వుతూ ఉంటారు. ఆ ఫోటోలో ఎడమవైపు అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది. అది నాది. అంత గొప్ప సంఘటనకి అంత దగ్గరలో మోచెయ్యి పెట్టే భాగ్యం ఎందరికి దక్కుతుంది చెప్పండి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కొరియర్ని. పొద్దున్నే హబ్‌కి వెళ్ళి, నా వాటా పార్సెళ్ళు స్కాన్ చేసి సంచిలో సర్దుకుని, బండి మీద ఇల్లిల్లూ తిరుగుతాను. తలుపు కొడతాను. వాళ్ళ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెబుతారు. దాన్ని నా యాప్‌లో కొడతాను. పచ్చ టిక్కు పడ్డాకే పార్సెల్ వాళ్ళ చేతిలో పెట్టాలి. టిక్కు పడకుండా పెట్టానో, ఆ సాయంత్రానికి నా ఐడీ బ్లాక్ అయిపోతుంది. మా ఉద్యోగం మొత్తం ఇంతే. దీనికి మంత్రి స్థాయి మేధస్సు కావాలని అప్పటిదాకా మాకెవరికీ తోచకపోవడం మా అజ్ఞానం.

ప్రకటన వెలువడిన మర్నాడే మంత్రిగారి పీఏ మా హబ్‌కి వచ్చారు. పార్సెళ్ళ గుట్టల మధ్య ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి, “మంత్రిగారికి నడుం నొప్పి. మీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా తేలికది తియ్యండి” అన్నారు.

మా మేనేజరు హబ్ అంతా గాలించాడు. గాలించి గాలించి, చివరికి నా సంచిలో చెయ్యి పెట్టి సబ్బు పెట్టెంత పార్సెల్ ఒకటి బయటికి తీశాడు. దాన్ని చూడగానే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“సార్, అది తప్ప ఇంకేదైనా ఇవ్వండి. అది కుట్టు పెద్దమ్మది. రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. ఆవిడ ఓటీపీ చెప్పదు.”

“నువ్వడిగితే చెప్పదు. మంత్రిగారు అడిగితే చెప్పని మనిషి పుట్టిందా ఎక్కడైనా?” అన్నాడు మేనేజరు, పీఏ గారికి వినిపించేలా.

కుట్టు పెద్దమ్మ అంటే మా వీధి చివర భవనంలో మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటూ బట్టలు కుట్టే ఆవిడ. చుట్టుపక్కల పిల్లలందరి స్కూలు చొక్కాలూ ఆవిడ మిషను మీదే తయారవుతాయి. ఆ మధ్య కుర్చీలో కళ్ళజోడు పెట్టి, మర్చిపోయి దాని మీదే కూర్చుంది. కొత్తది తెప్పించుకుంది. అదే ఆ పార్సెల్. ఓటీపీ ఆవిడ ఫోన్‌కి వస్తుంది. కళ్ళజోడు లేకుండా ఆవిడకి అది కనబడదు. ఓటీపీ చెబితే గాని నేను కళ్ళజోడు ఇవ్వకూడదు. పోనీ ఫోన్ ఇటివ్వండి పెద్దమ్మా, నేను చదువుకుంటానంటే ససేమిరా ఇవ్వదు. చెల్లెలి కొడుకు వచ్చినా ముట్టుకోనివ్వదు.

మూడోసారి కూడా ఇవ్వలేకపోతే పార్సెల్ కంపెనీకి వెనక్కి పోతుంది. సోమవారం బళ్ళు తెరుస్తారు. మా అమ్మాయి చొక్కా కూడా అక్కడే కత్తిరించి పడి ఉంది, చేతులొకచోట, మెడ ఒకచోట. “ఊరందరికీ అన్నీ మోస్తావు, ఆవిడకి ఇంత కళ్ళజోడు ఇవ్వలేకపోతున్నావా?” అని మా ఆవిడ రోజూ అన్నం పెడుతూ అడుగుతోంది. ఇదంతా పీఏ గారికి చెప్పబోయాను. ఆయన గడియారం చూసుకున్నారు.

మంత్రిగారు హబ్‌కి రాగానే ముందుగా చొక్కా దగ్గర సమస్య వచ్చింది. మా కంపెనీ చొక్కాల్లో అన్నిటికన్నా పెద్దది కూడా మంత్రిగారి పొట్ట దగ్గరికొచ్చి ఆగిపోయింది. పీఏ గారు ఏమాత్రం తొణక్కుండా చొక్కాని వీపు వెంబడి పైనుంచి కిందికి కత్తిరించి, ముందునుంచి తొడిగి, వెనకాల రెండు పిన్నీసులు పెట్టారు. ముందునుంచి చూస్తే అచ్చం కొరియరే. “కెమెరాలకి వీపు చూపించకండి సార్” అని మాత్రం హెచ్చరించారు. “నేను ప్రజలకి ఎన్నడూ వీపు చూపించలేదు” అన్నారు మంత్రిగారు. పక్కనున్న శాఖ సెక్రటరీ గారు ఆ మాట వెంటనే రాసుకున్నారు.

ఆయనకి బండి నడపడం రాదని అప్పుడు తెలిసింది. అందుకని నా బండిని లారీ ఎక్కించి తాళ్ళతో కట్టారు. మంత్రిగారు దాని మీద ఎక్కి కూర్చున్నారు. లారీ కదిలింది. ఆయన హ్యాండిల్ పట్టుకుని, యాక్సిలరేటర్ తిప్పుతూ, దారి పొడవునా హారన్ కొడుతూ వచ్చారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన వంగారు, లారీ తిరిగింది. ఎర్ర లైటు పడినచోట కాళ్ళు కింద పెట్టబోయి, నేల అందక, మళ్ళీ పైకి తీసుకున్నారు. నేను వెనకాల పరుగెత్తుకుంటూ వచ్చాను, బండి ఆయన దగ్గరుంది కదా. ట్రాఫిక్ నియమాలని అంత నిష్ఠగా పాటించిన కొరియర్ని నా సర్వీసులో చూడలేదు.

కుట్టు పెద్దమ్మ ఉండే భవనానికి లిఫ్టు లేదు. మెట్లు చూడగానే మంత్రిగారి ముఖం కొంచెం పాలిపోయింది గాని, ప్రజాసేవలో అలాంటివి లెక్కచెయ్యలేదు. మొదటి అంతస్తు చేరేసరికి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. “మంత్రిగారు ప్రజల సమస్యలని ప్రత్యక్షంగా పరిశీలిస్తున్నారు” అని పీఏ గారు పత్రికలవాళ్ళకి చెప్పారు. రెండో అంతస్తులో మెట్ల దగ్గరి లైటు స్విచ్చి కనబడింది. ఆయన దాన్ని నొక్కారు. లైటు వెలిగింది. చప్పట్లు మోగాయి. ఒక టీవీ వాళ్ళు ఆ దృశ్యం అందలేదన్నారు. ఆర్పి మళ్ళీ వెలిగించారు. ఆ లైటు ఎప్పట్నుంచో అక్కడే ఉందని ఆ అంతస్తు ఇల్లాలు తలుపు సందులోంచి ఏదో అనబోతే సెక్రటరీ గారు ఆవిడకి నమస్కారం పెట్టి తలుపు మూసేశారు. పార్సెల్ మాత్రం నేనే మోశాను. కెమెరా తిరిగినప్పుడల్లా ఆయన చేతికిచ్చి, పక్కకి తప్పుకుని, మళ్ళీ తీసుకునేవాణ్ణి.

మూడో అంతస్తులో మంత్రిగారు చొక్కా సర్దుకుని, కళ్ళజోడు తీసి తన కారు డ్రైవరుకిచ్చి కిందికి పంపేశారు. అద్దాల మీద లైటు పడి మెరుస్తోందని ఫోటోగ్రాఫరు అన్నాడు. తర్వాత ఆయన తలుపు కొట్టారు. గొలుసు అలాగే ఉంచి, జానెడు మేర తలుపు తెరుచుకుంది. లోపల మిషను చుట్టూ కత్తిరించిన గుడ్డలు గుట్టగా పోసి ఉన్నాయి.

“ఎవరు నాయనా?” అంది పెద్దమ్మ.

“నేనమ్మా, మంత్రిని. మీ పార్సెల్ తెచ్చాను. ఓటీపీ చెప్పండి.”

“చెప్పను నాయనా.”

“ఎందుకు చెప్పరు?”

“చెప్పొద్దని మంత్రిగారు చెప్పారు.”

“ఆ మంత్రిని నేనేనమ్మా.”

“మోసం చేసేవాళ్ళు అలాగే అంటారని కూడా ఆయనే చెప్పారు.”

మంత్రిగారు పీఏ గారి వంక చూశారు. పీఏ గారు నా వంక చూశారు. రెండుసార్లు వచ్చినప్పుడు నాకు ఎదురైంది కూడా ఇదే. పీఏ గారు తన ఫోన్ తీసి పెద్దమ్మ నంబరు కలిపి స్పీకరు పెట్టారు. ఎవరికి ఫోన్ చేసినా ముందు మోగే ఆ ప్రకటన మీరు కూడా రోజూ వింటూనే ఉన్నారు కదా. ముందు వీణ మోగింది. తర్వాత మంత్రిగారి గొంతు, మంత్రిగారి ముందే, మెట్ల మీదంతా మోగింది.

“నేను మీ మంత్రిని మాట్లాడుతున్నాను. మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మీ ఫోన్ ఎవరికీ ఇవ్వకండి. అడిగినవాడు పోలీసైనా, బ్యాంకు మేనేజరైనా, ఆఖరికి నేనే మీ ఇంటికొచ్చి అడిగినా చెప్పకండి.”

మంత్రిగారు కదిలిపోయారు. “ఎంత బాగా చెప్పాను” అన్నారు.

“అందుకేగా చెప్పనంటున్నాను” అంది పెద్దమ్మ. “అంత పెద్దాయన పనులన్నీ మానుకుని, ఫోన్ చేసిన ప్రతిసారీ గుర్తుచేస్తుంటే నేను మాట తప్పుతానా?”

“అమ్మా, ఆ గొంతు నాదే. కావాలంటే పోల్చుకోండి” అని మంత్రిగారు ఆ ప్రకటన మొత్తం అప్పజెప్పారు. పెద్దమ్మ చెవి తలుపు సందుకి ఆనించి శ్రద్ధగా విన్నది.

“కాదు నాయనా. ఆయన ఆయాసపడరు.”

మంత్రిగారిని మెట్ల మీద కూర్చోబెట్టారు. నీళ్ళు తాగించారు. అందరూ ఆయన ఊపిరి కుదుటపడేదాకా ఎదురుచూశారు. ఆయన లేచి మళ్ళీ అప్పజెప్పారు.

“దగ్గరకొచ్చింది” అంది పెద్దమ్మ. “కానీ దానికి ముందు సంగీతం ఉంటుంది.”

పీఏ గారు గొంతు సవరించుకుని నోటితో వీణ వాయించారు. ఆయనలో ఇంత విద్వత్తు ఉందని శాఖలో ఎవరికీ తెలియదట. పాపం రెండోసారి శ్రుతి కూడా కలిపారు. మంత్రిగారు ఆ వీణ మీద ప్రకటన అందుకున్నారు. ఒక విలేకరి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, నవ్వి తుడుచుకున్నాడో ఏడ్చి తుడుచుకున్నాడో మాత్రం చెప్పలేను.

పెద్దమ్మ గొలుసు తీసింది. తలుపు పూర్తిగా తెరిచి రెండు చేతులూ జోడించింది. “మీరే నాయనా. సందేహం లేదు. మంత్రిగారు మా గుమ్మంలోకి రావడమేమిటి.”

“మరయితే ఓటీపీ చెప్పండమ్మా.”

“మీరే వచ్చి అడిగినా చెప్పొద్దన్నారుగా.”

నాలుగు కెమెరాల ముందు మంత్రిగారు సెక్రటరీ గారిని పిలిచారు. అత్యవసర సమావేశం అక్కడే మెట్ల మీద జరిగింది. పెద్దమ్మని బలవంతపెడితే చూసేవాళ్ళకి బాగుండదని పీఏ గారు అన్నారు. ప్రకటనని రద్దు చేస్తే ప్రభుత్వం తప్పు ఒప్పుకున్నట్టవుతుందని సెక్రటరీ గారు అన్నారు. కాసేపు ఆలోచించి ఆయనే దారి చూపించారు. “రద్దొద్దు సార్. సవరిద్దాం. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, నాకు తప్ప. అంతే.”

మంత్రిగారికి అది ఎంతో నచ్చింది. ముఖ్యంగా ‘నాకు తప్ప’ అన్న భాగం నచ్చింది.

నేను ఉండబట్టలేక, “సార్, ఇంటికొచ్చిన కొరియర్‌కి కూడా చెప్పొచ్చని ఒక ముక్క కలిపితే మాకు...” అన్నాను.

“నేనిప్పుడు కొరియర్నే కదయ్యా” అన్నారు మంత్రిగారు భుజం తట్టి. “నాకు అంటే మీ అందరికీ అన్నట్టే.”

మెట్ల మీదే రికార్డు చేశారు. పీఏ గారు వీణ వాయించారు. సెక్రటరీ గారు ఎవరెవరికో ఫోన్లు చేశారు. మామూలుగా ఒక ఫైలు ఒక బల్ల మీద నుంచి పక్క బల్ల మీదకి వెళ్ళడానికి ఎంత కాలం పడుతుందో మీకు తెలుసు. ఆ వేళ మాత్రం మేం అక్కడ నిలబడి ఉండగానే దేశంలోని ఫోన్లన్నిట్లో కొత్త ప్రకటన మోగిపోయింది. తలుచుకుంటే ఈ ప్రభుత్వం చెయ్యలేనిది లేదని నాకు నమ్మకం కుదిరింది.

పెద్దమ్మ విన్నది. ముఖం విప్పారింది. “ఇంత చిన్న ముక్క ముందే చెబితే ఈ బాబు రెండుసార్లు తిరిగేవాడా?” అని నేననుకుని నా పక్కనున్న ఫోటోగ్రాఫరుని చూపించింది. “చెబుదును గాని నాయనా, నాకు కనబడదు. మీరే చదువుకోండి” అని ఫోన్ మంత్రిగారి చేతిలో పెట్టింది.

మంత్రిగారు ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు. చెయ్యి చాపి దూరంగా పెట్టి చూశారు. “ఇది మన శాఖ దృష్టికి తేవాల్సిన విషయం. అంకెలు మరీ చిన్నవి” అన్నారు. ఆయన కళ్ళజోడు డ్రైవరు దగ్గరుంది. డ్రైవరు కారులో ఉన్నాడు. కారుని ఫోటోలో అడ్డం వస్తోందని వీధి అవతలికి పంపేశారు. నేను చదువుతాను సార్ అని పీఏ గారు చెయ్యి చాపితే పెద్దమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది. “మంత్రిగారికి మాత్రమే అన్నారు, వినలేదూ?”

“సార్, ఇంకాసేపట్లో ఓటీపీ గడువు అయిపోతుంది” అన్నాను.

సెక్రటరీ గారు నా చేతిలో పార్సెల్ వంక చూశారు. “అందులో ఉన్నది కళ్ళజోడేగా?”

“సార్, ఓటీపీ పడకుండా తెరవకూడదు సార్.”

“ఆవిడకి ఇవ్వకూడదు అనేగా మీ రూలు. మంత్రిగారు పెట్టుకోకూడదని ఎక్కడుంది?”

అంత చదువు ఎందుకు చదువుతారా అనుకునేవాణ్ణి. ఇందుకు.

పీఏ గారు పెట్టె చింపారు. మంత్రిగారు కళ్ళజోడు పెట్టుకుని, దేశం వినేలా ఓటీపీ చదివారు. నేను యాప్‌లో కొట్టాను. పచ్చ టిక్కు పడింది. డెలివరీ పూర్తయింది. చప్పట్లకి మెట్లు దద్దరిల్లాయి. ఖాళీ పెట్టెని మంత్రిగారు పైకెత్తి పట్టుకున్నారు. మీరు చూసిన ఫోటో అదే.

పెద్దమ్మ రెండు చేతులూ చాపింది. మంత్రిగారు ఆ చేతుల్లో పెట్టె పెట్టారు. వంగి ఆవిడ ముఖంలోకి చూశారు. “మీరు నాకిప్పుడు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నారో తెలుసా అమ్మా” అన్నారు. తర్వాత వెనక్కి తిరిగి మెట్లు దిగడం మొదలుపెట్టారు.

“సార్, కళ్ళజోడు” అన్నాను.

“చాలా నప్పింది సార్” అన్నాడు ఫోటోగ్రాఫరు. “అస్సలు మెరవట్లేదు.”

నేను వెనకాలే పరుగెత్తాను. ఏమనుకున్నా సరే చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది. రెండో అంతస్తులో పీఏ గారు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, “నీ యాప్‌లో ఏముంది?” అని అడిగారు. “డెలివరీ అయింది సార్” అన్నాను. “మరి ఇంకేం కావాలి నీకు?” అన్నారు. నేను కిందికి వచ్చేసరికి లారీ కదిలింది. మంత్రిగారు నా బండి మీద వంగి మలుపు తిరుగుతున్నారు. పిన్నీసులు ఊడిపోయినట్టున్నాయి. వెనకనుంచి చూస్తే ఆయనకి చొక్కా లేదు.

బండి సాయంత్రం తిరిగొచ్చింది. కళ్ళజోడు రాలేదు.

సోమవారం బళ్ళు తెరిచారు. పెద్దమ్మ మాట ఇస్తే తప్పదని మీరే చూశారు కదా. అప్పటిదాకా నేను రోజూ పొద్దున్నే వెళ్ళి సూదుల్లో దారాలెక్కించి ఇచ్చాను, ఆవిడ చేత్తో తడుముకుంటూ చొక్కాలన్నీ కుట్టేసింది. మా అమ్మాయి చొక్కాకి జేబు వీపు మీద వచ్చింది. వీధిలో చాలామంది పిల్లలకి అంతే. మా ఆవిడ చొక్కాని ఇటూ అటూ తిప్పి చూసి, మడిచి అమ్మాయి చేతికిచ్చింది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మా వృత్తిలో ఒక కొత్త శకం మొదలైంది. ఏ తలుపు కొట్టినా ఒకటే జవాబు. “ఓటీపీ మంత్రిగారికి తప్ప చెప్పం. ఆయన్ని తీసుకురా.” ఒకాయన తను తెప్పించుకున్న చెప్పులే తనకి ఇవ్వనివ్వలేదు. హబ్‌లో పార్సెళ్ళు పైకప్పుకి తగిలాయి. మా మేనేజరు వాటి మధ్య దారి చేసుకుని లోపలికెళ్ళి, మళ్ళీ బయటికి రావడానికి మమ్మల్ని పిలవాల్సి వచ్చేది. ఇంటింటి సేవల శాఖ మాత్రం ఒక ప్రకటన విడుదల చేసింది. ఈ సంస్కరణ తర్వాత దేశం మొత్తమ్మీద ఒక్క పార్సెల్ కూడా తప్పు ఇంటికి వెళ్ళలేదట. అది అక్షరాలా నిజం.

మంత్రిగారు వచ్చి అడగాల్సిందే కదా అంటే, ఆయన ఇతర దేశాల్లో గుమ్మాలు ఎలా ఉంటాయో అధ్యయనం చెయ్యడానికి విదేశాలకి వెళ్ళారు. పత్రికల్లో ఫోటోలు వస్తున్నాయి. కళ్ళజోడు లేదు. పరాయి దేశం గుమ్మాల మీద కూడా లైటు పడుతుంది కాబోలు.

నిన్న హబ్‌లో నా సంచిలోకి సబ్బు పెట్టెంత పార్సెల్ ఒకటి వచ్చింది. పంపినవారు మంత్రిగారి కార్యాలయం. లోపలి వస్తువు: కళ్ళజోడు, వాడినది. అందుకునేవారు మూడో అంతస్తు, కుట్టు పెద్దమ్మ. నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

“పెద్దమ్మా, మీ కళ్ళజోడు తిరిగొచ్చింది. ఓటీపీ వచ్చి ఉంటుంది, ఫోన్ ఒక్కసారి ఇలా ఇవ్వండి.”

ఆవిడ తలుపు సందులోంచి నా గొంతు వైపు ముఖం తిప్పింది. “మంత్రిగారు వచ్చారా బాబూ?”

“రాలేదు పెద్దమ్మా. నేనే వచ్చాను.”

“నిన్ను నమ్మక కాదు బాబూ.”

“తెలుసు పెద్దమ్మా.”

“ఒకసారి వచ్చినవారు మళ్ళీ రాకపోతారా? అంతదాకా ఆ పెట్టె జాగ్రత్తగా ఉంచు.” కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని, ఈసారి ముందు చేత్తో తడిమి చూసుకుని కూర్చుంది.

ఇంతలో కింద వీధిలో లారీ చప్పుడయింది. పెద్దమ్మ చప్పున లేచి నిలబడి జుట్టు సర్దుకుంది. “చూడు బాబూ, వచ్చినట్టున్నారు.”

నేను మెట్ల దగ్గరి కిటికీలోంచి వంగి చూశాను. చెత్త బండి.